క్యూ తప్పొద్దు నాయనా!

ఆస్ట్రేలియా రాజకీయ నాయకులకు క్యూ అంటే మహా గౌరవం. పడవెక్కి వచ్చే శరణార్థి వాళ్ల కంటికి ప్రాణభయంతో పారిపోతున్నవాడిలా కనబడడు, వరుస తప్పి ముందుకు దూరినవాడిలా కనబడతాడు. ఇండోనేషియాలోనే ఆగి, పేరు రాయించుకుని, ఓపిగ్గా నిలబడొచ్చు కదా అని వాళ్ల బాధ. ఈ మర్యాద పాఠంలో లోపమల్లా ఒక్కటే: ఆ క్యూ లేదు.

క్యూ మనకు తెలియనిదా! తిరుమలలో ఉచిత దర్శనానికి కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే ముందొచ్చినవాడు ముందు కదులుతాడు, మధ్యలో పాలూ ఉప్మా అందుతాయి, చివర స్వామి ఉన్నాడన్న భరోసా ఉంటుంది. ఇండోనేషియాలోని జావా దీవిలో చిక్కుకున్న అఫ్ఘాన్ హజారా తెగ కుర్రాడికి ఈ మూడూ లేవు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ స్థిరపడటానికి మూడో దేశానికి పంపే మనుషుల్ని ఎంచేది వచ్చిన వరుసలో కాదు, ఎవరి గతి మరీ అధ్వానంగా ఉందో చూసి. ఒంటరిగా, ఒంట్లో బాగున్న కుర్రాడికి ఆ ఆరోగ్యమే అనర్హత. ఆపైన తీసుకునే దేశం దయ. ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి నూటికి ఒక్కరికైనా ఆ దయ దక్కడం లేదు.

2014 నవంబరులో అప్పటి ఆస్ట్రేలియా ఇమ్మిగ్రేషన్ మంత్రి స్కాట్ మోరిసన్ ఒక ప్రకటన చేశారు. ఆ ఏడాది జులై 1 నుంచీ ఇండోనేషియాలో పేరు రాయించుకున్నవాళ్లకు తమ దేశంలో చోటు లేదట. తలుపు వేసింది నవంబరులో, మూసుకుపోయింది జులైలో! తర్వాత ఆయన ప్రధాని కూడా అయ్యారు. ఆయన గదిలో పడవ ఆకారంలో ఒక ట్రోఫీ ఉండేది, దాని మీద ‘వీటిని ఆపింది నేనే’ అని రాసి. నా కల్పన కాదండీ. ఇలాంటి పెద్దమనుషులుంటే వ్యంగ్యం రాసేవాళ్లకిక పనేముంటుంది?

సరే, నిలబడమన్నారు, మన హజారా కుర్రాడు నిలబడ్డాడు. బోగోర్ పైన కొండల్లో సిసారువా అనే ఊళ్లో గది అద్దెకు తీసుకున్నాడు. జకార్తావాళ్లు శని ఆదివారాలు చల్లగాలికి వెళ్లే చోటది. ఇండోనేషియా 1951 శరణార్థి ఒప్పందం మీద సంతకం పెట్టలేదు (మనమూ పెట్టలేదు, హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యాలకు ఆ సంగతి బాగా తెలుసు), కాబట్టి ఉద్యోగం చేయకూడదు. ఓపిక పట్టమన్నవాళ్లు ఈలోగా వయసును ఏం చేసుకోవాలో చెప్పలేదు. ఇరవై రెండేళ్లకు దిగినవాడికి ముప్పై దాటాయి. పెళ్లి చేసుకోవాలా? సాటి శరణార్థిని చేసుకుంటే ముందు ఫైళ్లు కలవాలి. ఇక్కడి పిల్లను చేసుకుంటే ‘ఇక్కడే బాగానే ఉన్నావుగా’ అనరని నమ్మకమేమిటి? శరణార్థి దంపతులకు బిడ్డ పుడితే, ఇక్కడ పుట్టినంత మాత్రాన ఇండోనేషియా పౌరసత్వం రాదు. ఆ బిడ్డకు ఏ భాష నేర్పాలి? 2014లో సిసారువాలో హజారాలు తమంతట తామే బడి పెట్టుకుని ఇంగ్లిష్‌లో పాఠాలు మొదలుపెట్టారు. రావద్దన్న దేశపు భాషలో!

అసలు సిసలైన క్యూ ఒకటి మాత్రం 2018 మొదట్లో జకార్తాలో కనిపించింది. కలిదెరెస్ నిర్బంధ కేంద్రం ముందు వందలాది మంది ఫుట్‌పాత్ మీద పడుకున్నారు. బయటికి వదలమని కాదు, లోపల పెట్టమని! ఎందుకంటే నిర్బంధం గుండా వెళ్లినవాళ్లకే అంతర్జాతీయ వలసల సంస్థ నీడ చూపించేది, పెద్దవాళ్లకు నెలకు పన్నెండున్నర లక్షల రూపియాలు ఇచ్చేది. లక్షలని కళ్లు తేలేయకండి, మన లెక్కలో ఏడు వేలకు లోపే. చేతిలో చిల్లర అయిపోయినవాడు కూడికలూ తీసివేతలూ చేసుకుని కటకటాలే మేలనుకున్నాడు. ఆ ఖర్చు పెట్టేది ఆస్ట్రేలియాయే. ఇంత క్రమశిక్షణగా వరుస కట్టినవాళ్లను చూసి ముచ్చటపడిందో ఏమో, ఆ మార్చిలోనే కొత్తవాళ్లకు డబ్బు ఇచ్చేది లేదంది.

సొంతూరికి ‘స్వచ్ఛందంగా’ తిరిగి వెళ్తానంటే టికెట్ కొనిచ్చే పథకమూ ఉండేది. అక్కడ తోపులాట ఉండేది కాదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి పోయాక ఆ టికెట్ అడిగే ధైర్యం ఎవరికి?

ఇంతకీ ఏ వరద ముంచేస్తుందని ఈ భయమంతా? కొన్నేళ్లుగా ఇండోనేషియాలో ఉన్న శరణార్థులు పన్నెండు, పధ్నాలుగు వేల మధ్యే. వాళ్లందర్నీ తీసుకెళ్లి మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో కూర్చోబెట్టినా ఆరో వంతు నిండదు.