తూటాల పెట్టె చెప్పుకున్న కథ

నన్ను తయారు చేసింది తూటాలు మోయడానికి. ఒళ్లంతా ముదురాకుపచ్చ ఇనుము, మూత అంచున రబ్బరు పట్టీ, ముందువైపు కొక్కెం. అమెరికా సైన్యం వదిలించుకున్న సామాన్ల కొట్లో నన్ను కొన్నాయన, చూసినవాళ్లు బాంబనుకుని హడలిపోకుండా ముందు నా మీది సైనిక రాతలన్నీ గీకేశాడు. లోపల ఓ నోటు పుస్తకం, పెన్సిలు, నాలుగు చిన్న బొమ్మలు పెట్టాడు. ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గరి ఓ అడవి పార్కులో, కూలిన డగ్లస్ ఫర్ మొద్దు కింద దాచాడు. పాతిపెట్టలేదు. ఈ ఆటలో స్థలం యజమాని అనుమతి లేకుండా గొయ్యి తవ్వకూడదు.

ఒకరు దాచిన పెట్టెను ఇంకొకరు జీపీఎస్‌తో వెతికి పట్టుకునే ఈ ఆట పేరు జియోక్యాషింగ్. దాని పుట్టిల్లూ ఈ చుట్టుపక్కలే. జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆపేయడంతో, మామూలు జనానికీ చోటు కచ్చితంగా తెలిసే వీలొచ్చింది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ దగ్గర ఓ నల్ల బకెట్టు దాచి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో ఇంటర్నెట్లో చెప్పాడు. అందులో బీన్స్ డబ్బా కూడా ఉండేది. ఇప్పుడైతే తిండి వస్తువులు పెట్టనివ్వరు.

మా యజమానికి లైట్‌హౌసుల పిచ్చి. సముద్రం ఇక్కణ్ణుంచి గంటన్నర ప్రయాణమైనా సరే, తీరంలోని దీపాలన్నీ తెచ్చి అడవిలో పెట్టాడు. చెట్లకు కట్టిన చిన్న డబ్బాల్లో ఒక్కో లైట్‌హౌస్ బొమ్మ, కింద ఓ ప్రశ్న. యాక్వినా హెడ్ ఎత్తు 93 అడుగులు, కేప్ మియర్స్‌ది 38. తీసివేస్తే 55. నా అక్షాంశ రేఖాంశాల్లో రెండంకెలు దొరికినట్టే.

అసలు తంటా టిల్లమూక్ రాక్ దగ్గర. దాని దీపం ఎన్ని సెకన్లకోసారి వెలుగుతుందని ప్రశ్న. సముద్రం మధ్య బండమీద 1881లో వెలిగిన దీపం అది. 1934 తుపానులో అలలు విసిరిన రాళ్లకు దాని అద్దాల గూడే పగిలిపోయింది. 1957లో శాశ్వతంగా ఆర్పేశారు. పాత పుస్తకాల్లోని సెకన్లు తెచ్చి వేసినవాళ్లు వాగు అవతలి ముళ్లపొదల్లో తేలతారు. అక్షాంశంలో నిమిషాల పక్కన మొదటి దశాంశం ఒక్కటి మారితే చాలు, 185 మీటర్ల తేడా!

మొన్న హిల్స్‌బొరో నుంచి ఓ తెలుగాయన కూతుర్ని తీసుకొచ్చాడు. పొదల్లో చొక్కా చిరిగాక మొద్దుమీద కూలబడి, “మా వైజాగ్‌లో డాల్ఫిన్స్ నోస్ మీద దీపమైతే కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి” అని నిట్టూర్చాడు.

“ఆరిపోయిన దీపానికి సెకన్లేంటి నాన్నా! సున్నా వెయ్యి” అంది ఆ పిల్ల.

కాసేపట్లో నా మూత తెరుచుకుంది. నా బొమ్మల్లోంచి ఓ రబ్బరు కప్పను తీసుకుని, ఏటికొప్పాక బొంగరం పెట్టింది. తీసుకున్నదానికి తక్కువ కానిది పెట్టాలన్నది ఆటలో మర్యాద. ఎవరో ఫోన్లో చెప్పిన అంకెలు పట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చి సంతకం గీకి పోయేవాళ్లూ ఉన్నారు. పుస్తకంలో వాళ్ల పేర్లూ ఉంటాయి గానీ, నా లెక్కలో వాళ్లు ఆడనట్టే.

మీరెప్పుడైనా ఇటొస్తే ఒక్కటే మనవి. ఇక్కడ శరదృతువులో మొదలైన వాన వసంతం దాకా వదలదు. కొక్కెం టక్కుమనేదాకా మూత నొక్కండి. పుస్తకం తడిస్తే అందరి సంతకాలూ పోతాయి.