కార్తీకంలో వేట

పూడూరు మండలంలో అరవై దాటిన మగవాళ్లంతా ఒకప్పటి వేటగాళ్లే. నమ్మకపోతే మన్నెగూడ చౌరస్తాలో బస్సు కోసం కాసేపు నిలబడి చూడండి. హైదరాబాద్ నుంచి వచ్చిన రోడ్డు అక్కడ వికారాబాద్‌కొకటి, పరిగికొకటి చీలుతుంది. చాయ్ దుకాణం ముందు కథలూ అట్లాగే చీలుతాయి. దామగుండం అడివిలో దుప్పిని కొట్టానని ఒక తాత అంటాడు. ఆ దుప్పిని కొట్టింది తానేనని పక్క తాత అంటాడు. పోయిన దసరాకు మూరెడున్న దాని కొమ్ములు ఈ సంక్రాంతికి రెండు మూరలయ్యాయి. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి, కృష్ణజింకవి రాలవు. చాయ్ దుకాణం దుప్పివి మాత్రం రాలవు, ఆగవు, అది చచ్చినా పెరుగుతూనే ఉంటాయి.

మా తాతకు భర్మారు తుపాకీ ఉండేదట. మందు మూతిలోంచి పోసి, గుడ్డ కూరి, గజంతో దంచి, గుండు వేసి, మళ్లీ దంచి, అప్పుడు గురి చూడాలి. అంతసేపూ దుప్పి ఓపిగ్గా నిలబడాలి. ఆ రోజుల్లో జంతువులకు కూడా మర్యాద తెలుసునని మా తాత అనేవాడు.

ఈ తట్టులో షికారు కథలు లేకపోతేనే వింత. వికారాబాద్ పేరే వికారుల్ ఉమ్రాది. ఆయన పైగా నవాబు, ఫలక్‌నుమా కట్టించిన మనిషి, ఆరో నిజాం దగ్గర దివానుగా చేశాడు. ఆ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులుల వేటలో పెద్ద పేరు. నిజాంల వేటభూమి ఒకటి ఇప్పుడు వనస్థలిపురం పక్కన హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనంగా మిగిలింది. ఒకప్పుడు ప్రభువుల గుర్రాల చప్పుడుకు ఉలిక్కిపడిన కృష్ణజింకలు ఇప్పుడు విజయవాడ బస్సుల హారన్లు వింటూ గడ్డి మేస్తున్నాయి. ఏది మేలో వాటినే అడగాలి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అది వచ్చాక మన్నెగూడ కథలన్నిటికీ ఒక షరతు చేరింది, "గప్పుడు చట్టం రాలే బిడ్డా." ఆధార్ కార్డు ప్రకారం చట్టం వచ్చేనాటికి ఆ మాట అన్న తాతకు పదేళ్లు. పదేళ్లకు ముందే దుప్పులను కొట్టి రిటైరైన వీరులు పూడూరులో తప్ప ఇంకెక్కడా దొరకరు.

చట్టం రాసినవాళ్లు మాత్రం మా ఊరి తాతలను దగ్గర కూర్చోబెట్టుకుని రాసినట్టున్నారు. చంపితేనే వేట అని వాళ్లు వదిలేయలేదు. ఉచ్చు పెట్టినా, ఎర వేసినా, తరిమినా, చంపబోయి చంపలేకపోయినా వేటే. దుప్పి తప్పించుకుంది కనక నేను వేటగాణ్ని కానంటే జడ్జి ఒప్పుకోడు. దానికితోడు 2014లో పాలపిట్ట, జమ్మి, తంగేడుతో పాటు జింక తెలంగాణకు రాష్ట్ర జంతువైంది. ఇక దాని జోలికి పోతే సర్కారు జోలికి పోయినట్టే.

మనుషుల వేట ఆగింది. దుప్పుల వేట మొదలైంది.

మా చిన్నాయిన కంది చేను అడివి అంచున ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లు రాశాయి. మా దుప్పులు ఆ గుర్తింపు తరాల కిందటే ఇచ్చేశాయి, పూడూరు కందికి కూడా కలిపి. చేను పూతకు వచ్చిందంటే చిన్నాయిన సంసారం మంచె మీదికి మారుతుంది. ఇంట్లో పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టాడు. చిన్నమ్మ పెళ్లినాటి గద్వాల చీర కూడా అందులో ఉండటం వేరే యుద్ధం, అది ఇక్కడ వద్దు. అడివి పందుల కోసం మంగలి షాపు నుంచి వెంట్రుకలు బస్తాల్లో తెచ్చి గట్ల మీద చల్లాడు. పందులు కొంచెం వెనకాడాయి. దుప్పులు చీరల కింది నుంచి వంగి, అతిథుల్లాగా లోపలికి వచ్చాయి.

చివరికి సంతలో మైకు దొరికింది. చార్జింగు పెట్టి, బొత్తాము నొక్కి, మన గొంతు రికార్డు చేసి వదిలితే తెల్లవార్లూ అదే అరుస్తుంది. చిన్నాయిన గొంతు సన్నం, కాబట్టి చిన్నమ్మను పిలిచాడు. ఆమెకు పాఠం రాసివ్వాల్సిన అవసరం రాలేదు. "ఓయ్, ఎవర్రా చేన్ల? పో అవుతలికి! నీ నోట్ల మన్నువడ, తిన్నది చాలదా? పొద్దుగాల్నుంచి మేసుడే పనా నీకు?" మధ్యలో ఒకటి రెండు మాటలు దుప్పిని ఉద్దేశించినవి కావని నా గట్టి నమ్మకం. చిన్నాయిన ఆ మాట ఎత్తడు.

మొదటి రాత్రి దుప్పులు దామగుండం దాకా ఉరికాయి. చిన్నాయిన కూడా మంచె దిగి కొంత దూరం ఉరికాడు, అలవాటు కొద్దీ.

నేను మంచె ఎక్కేనాటికి పరిస్థితి కుదుటపడింది. అర్ధరాత్రి దాటాక కంది ఆకు గలగలమంది. చిన్నాయిన బ్యాటరీ వేశాడు. చీకట్లో కళ్లు జతలు జతలుగా మెరిశాయి. ముందున్న పెద్ద ఆడ దుప్పి తల ఎత్తి, ఒక చెవి మైకు వైపు, ఒక చెవి మా వైపు తిప్పింది. ముందరి కాలితో నేలను ఒక్కసారి తన్నింది. మైకులో చిన్నమ్మ "నీ నోట్ల మన్నువడ" దగ్గరికి వచ్చింది. దుప్పి అది పూర్తయ్యే దాకా ఆగి, పూత ఉన్న కొసను పుటుక్కున తుంచింది. ముదురు కొమ్మ ముట్టలేదు, ఎండిన ఆకు ముట్టలేదు. పూత, లేత కాయ, అంతే. కూరగాయల మార్కెట్లో చిన్నమ్మ బెండకాయలు ఏరే తీరులోనే ఏరుకుంటూ చాళ్ల వెంట పోయింది. మైకు అరిచినప్పుడల్లా ఉలిక్కిపడుతున్న ప్రాణి ఆ చేనులో ఒక్కటే, అది నా పక్కనే గొంగడి కప్పుకుని ఉంది.

అడివి మీద ఇప్పుడు కొత్త బెంగ కూడా ఉంది. దామగుండంలో సుమారు 2,900 ఎకరాల్లో నేవీ వాళ్ల రేడియో కేంద్రం వస్తోంది. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. నీళ్ల అడుగున తిరిగే జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రమట. ఇట్లాంటిది తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఒకటుంది, ఇది రెండోది. సముద్రం మొహం చూడని మా ఊరికి నేవీ రావడం మన్నెగూడలో ఇంకా అరగని విషయం. చెట్లు పోతాయని, ఇటు అనంతగిరిలో పుట్టే మూసీకి చేటని పర్యావరణం వాళ్లు కొట్లాడారు, ఆ కొట్లాటలో న్యాయముంది. దుప్పులు ఎటు పోతాయోనని పట్నంలో వ్యాసాలు వచ్చాయి. ఎటు పోతాయో చిన్నాయినకు తెలుసు. ఆయన చేనులోకే.

ఇట్లా ఇంటిల్లిపాదీ దుప్పులతో వేగుతున్న కాలంలో డెన్వర్ నుంచి మా తమ్ముడు ఫోను చేసి, "అన్నా, నేను దుప్పుల వేటకు పోతున్న" అన్నాడు.

వాడు చిన్నాయిన పెద్ద కొడుకు. కొలరాడోలో సాఫ్ట్‌వేర్ పని. అక్కడి దుప్పి మ్యూల్ డియర్. కంచరగాడిద చెవుల్లాంటి పెద్ద చెవులు, నల్లటి తోక కొస, చీలికలు చీలికలుగా పెరిగే కొమ్ములు. దాన్ని కొట్టాలంటే తుపాకీ ఆఖరి సంగతి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే ముందు వేట చదువు పాసవ్వాలి. తర్వాత దరఖాస్తు పెట్టి లాటరీలో పేరు రావాలి. ఈ ఏడు రాకపోతే ఒక పాయింటు రాసుకుని వచ్చే ఏడుకు జరుపుతారు. గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాడికి ఇంకో వరస బరువేమీ కాదు. రెండింట్లో దుప్పి వరసే ముందు కదిలింది.

అప్పుడు బట్టలు. నడుము పైన 500 చదరపు అంగుళాలకు తగ్గకుండా కళ్లు జిగేల్మనే నారింజ రంగు వేసుకోవాలి, నెత్తికి టోపీ కూడా ఆ రంగుదే. 2016 నుంచి గులాబీ రంగుకూ ఒప్పుకున్నారు. "గంత రంగేసుకుంటే దుప్పి చూడదారా?" అని చిన్నమ్మ అడిగింది. దుప్పి కంటికి ఆ రంగు మనకు ఆనినట్టు ఆనదట. అది పక్క వేటగాడి కోసం. తుపాకీలు ఉన్నవాళ్లకు దుప్పుల కంటే ఒకరంటే ఒకరికి భయం ఎక్కువని తేలింది.

చిన్నమ్మకు అసలు ఈ యవ్వారమే నచ్చలేదు. ఆమె పురాణాలు హరిదాసు దగ్గర విన్నది, ఉదాహరణలకు కొదవ లేదు. "రాముడు జింక ఎంబడి పోతే సీతమ్మ పాయె. పాండురాజు జింకను కొడితె అది ముని అయి శాపం పెట్టె. దుష్యంతుడు జింక ఎంబడి పోయి పెండ్లి చేసుకొనొచ్చె, మల్ల మర్శిపాయె. పరీక్షిత్తు వేటకు పోయి పాము కాటుకు పాయె. దశరథుడు చప్పుడుకు బాణమేసి పిలగాన్ని సంపె. ఒక్కడన్న బాగుపడ్డడా చెప్పు?" తమ్ముడు గూగుల్‌లో చూసినట్టున్నాడు, కాసేపు మాట్లాడలేదు. నాకైతే ఆమె జాబితాలో తప్పు దొరకలేదు. మన కవులు రాజులను వేటకు పంపారంటే ఏదో అనర్థానికి ముహూర్తం పెట్టినట్టే.

ఇంతలో చిన్నమ్మ అసలు ప్రశ్న వేసింది. "ఎప్పుడురా పోవుడు?"

మూడో రైఫిల్ సీజను. నవంబరు. శనివారం పొద్దున మొదలు.

"కార్తీకంలనా? అండ్ల శనారం నాడు! నీసు ముడుతవారా?"

ఇన్ని పాయింట్లు కూడబెట్టి, లాటరీ గెలిచి, పరీక్ష పాసైన మనిషి పంచాంగం చూడలేదు. పోనీ కొట్టి అక్కడే వదిలేద్దామా అంటే కుదరదు. తినదగ్గ మాంసాన్ని అడివిలో పారేస్తే కొలరాడోలో నేరం. తింటే కార్తీకానికి దోషం, తినకపోతే చట్టానికి దోషం. ఫ్రిజ్‌లో పెట్టి పోలి పాడ్యమి దాటాక వండుకుంటానన్నాడు. "కొట్టుడు మాత్రం కార్తీకంలనే గద" అని చిన్నమ్మ తీర్పు చెప్పింది. దాని మీద అప్పీలు లేదు.

అయినా పోయాడు, ఆఫీసు దోస్తుతో. డెన్వరే 5,280 అడుగుల ఎత్తు, వీళ్లు ఎక్కింది 9,000 అడుగులు. అనంతగిరి గుడి మెట్లకే నడుం పట్టుకునే వంశం మాది. నాలుగడుగులకోసారి ఆగి మంచును మెచ్చుకుంటున్నట్టు నటించాడట. సంచిలో పులిహోర, వెల్లుల్లి వేసిన ఆవకాయ. దోస్తు గాలి ఎటు వీస్తుందో పొడి చల్లి చూసుకున్నాడు, మనిషి వాసన తగిలితే దుప్పి నిలవదని. వీడు అప్పుడే డబ్బా మూత తీశాడు. ఆ లోయలో దుప్పులన్నిటికీ ఆ పూట భోజనం ఏమిటో తెలిసిపోయి ఉంటుంది.

సాయంత్రం ఒకటి కనపడింది. మంచి కొమ్ముల పోతు. వీళ్లను చూసి నాలుగు కాళ్లకూ స్ప్రింగులు కట్టినట్టు ఒక్కసారే ఎగిరెగిరి గట్టెక్కింది. ఎక్కి, పారిపోకుండా వెనక్కి తిరిగి చూసింది. మ్యూల్ డియర్‌కు ఆ జబ్బు ఉందట, వేటగాళ్లకు అన్నం పెట్టేది ఆ చూపే. తమ్ముడు తుపాకీ ఎత్తాడు. ఊపిరి ఆడక గొట్టం ఆకాశానికి, నేలకు మధ్య తిరుగుతోంది. అది నిలబడ్డంత సేపూ నిలబడి, ఇక లాభం లేదని పోయింది. పొద్దు గుంకిన అరగంట దాకానే కాల్చాలి, ఆ అరగంట అయిపోయింది. కార్తీకం నిలబడింది. చిన్నమ్మ దామగుండం రామలింగేశ్వర స్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

అసలు దెబ్బ ఎండాకాలంలో తగిలింది. మా మరదలు పెరట్లో గోంగూర, బీర, టమాట పెంచుతోంది. ఒక పొద్దున చూస్తే గోంగూర కాడలు మాత్రమే నిలబడి ఉన్నాయి. కంచె పక్కన రెండు మ్యూల్ డియర్లు, తీరిగ్గా నెమరేస్తూ. కొండెక్కి వెతికితే దొరకని జంతువు ఇంటికొచ్చి భోంచేసింది. ఊళ్లో కాల్చరాదు, వాటికి తిండి పెట్టినా నేరమే. పెట్టకుండానే అవి తింటే ఏం చేయాలో వేట నిబంధనల పుస్తకంలో తమ్ముడికి దొరకలేదు.

"అమ్మా, ఆ మైకుల పెట్టింది నాకు వాట్సాప్‌ల పంపుతవా?"

చిన్నమ్మ పాతది పంపలేదు. గోంగూర కదా, బాధ కలిపి కొత్తగా చెప్పింది. తమ్ముడు దాన్ని స్పీకరుకు కలిపి పెరట్లో పెట్టి పడుకున్నాడు. రెండో రాత్రి తలుపు కొట్టిన చప్పుడు. పోలీసులు. ఈ ఇంటి వెనక ఒక పెద్దావిడ చీకటి పడ్డప్పటి నుంచి ఏదో భాషలో సాయం కోసం అరుస్తోందని పక్కింటివాళ్లు ఫోను చేశారట, అంతా క్షేమమేనా అని అడిగారు.

ఈ సంగతంతా తమ్ముడు ఫోనులో చెబుతుంటే చిన్నమ్మ ఓపిగ్గా విన్నది.

"పోలీసోల్లు వోయిండ్రు సరే. దుప్పి వోయిందా లేదా?"

"లేదమ్మా. పోలీసులు టార్చి ఏసి చూస్తె గూడ తింటనే ఉన్నది."

"ఏం తింటున్నది?"

"బీర పూత."

"లేతదా?"

"లేతదే."

"మనదే అది" అంది చిన్నమ్మ.