ఫెస్ట్ చిన్నగా చేయండి, మాటలు తక్కువ ఇవ్వండి

యూనియన్‌కి ఎన్నికైన మర్నాటి నుంచే హాస్టల్ కారిడార్‌లో ఎదురైన ప్రతివాళ్లూ మీకు ఒకే మాట చెబుతారు: ఈసారి ఫెస్ట్ అదిరిపోవాలి, పోయినేడాది వాళ్లని మించాలి. వినకండి. పోయినేడాది కన్నా చిన్నగా చేయండి. వాళ్లు మూడు రోజులు చేసి ఉంటే మీరు రెండే చేయండి. స్టేజీ సైజు తగ్గించండి. బయటి కాలేజీలకి పిలుపులు పంపకండి. చేతగాక ఇలా చేస్తున్నారని మీకు ఓట్లేసినవాళ్లే మొహం మీద అంటారు. అననివ్వండి. ఒకే క్యాంపస్‌లో అయిదేళ్లు ఉండి కూడా పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ల పేరు తెలియని పిల్లలు వందలమంది ఉంటారు. వాళ్లని ఒకచోట కూర్చోబెట్టడమే యూనియన్ పని అని నా నమ్మకం. కింద చెప్పే సలహాలన్నీ తలకిందులుగా కనిపించినా ఆ నమ్మకంలోంచి వచ్చినవే.

ఏర్పాట్లని చివరి నుంచి మొదలుపెట్టండి. మొదటి మీటింగులో స్టేజీ, సౌండ్, స్పాన్సర్ల ఊసెత్తకండి. ఫెస్ట్ అయిపోయిన మర్నాడు పొద్దున గ్రౌండ్ ఎవరు ఊడుస్తారో తేల్చండి. వాటర్ ప్యాకెట్లు, పేపర్ ప్లేట్లు, తెగిన ఫ్లెక్సీ ముక్కలు, జిగురుతో సహా ఊడొచ్చిన పోస్టర్లు. ఇవన్నీ ఎత్తేది కాంట్రాక్టు మీద పనిచేసే శానిటేషన్ అమ్మలే. ఆ రోజు వాళ్లకి పని రెట్టింపు, కూలి మాత్రం మామూలే. బడ్జెట్ కాగితం మీద మొదటి లైను వాళ్ల అదనపు కూలి కావాలి. రెండోది అంబులెన్స్, తాగునీళ్లు, ఆడపిల్లలకి సరిపడా బాత్‌రూములు. ఇవి తీసేయగా మిగిలిన డబ్బే స్టేజీకి. ఈ వరసలో రాసి చూడండి, స్టేజీ దానంతటదే తగ్గుతుంది.

పేరున్న గాయకుణ్ణి పిలవకండి. ఆయన పారితోషికం, వాద్యబృందం టికెట్లు, హోటల్ గదులు, వాళ్లు అడిగే సౌండ్ సిస్టమ్ కలిపితే మీ చేతిలో ఏమీ మిగలదు. అదే రోజు ఎమ్మే రెండో ఏడు చదివే అమ్మాయి, రోజూ సాయంత్రం హాస్టల్ టెర్రస్ మీద పాడే అమ్మాయి, ఎండలో ఖాళీ కుర్చీల ముందు నాలుగు నిమిషాలు పాడి దిగిపోతుంది. రాత్రి తొమ్మిదింటి స్లాట్ ఆమెకివ్వండి. కాపీరైట్ చట్టం కూడా ఆమె పక్షానే ఉంది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా అక్కడి విద్యార్థులూ సిబ్బందీ పాడితే, ఆడితే, నాటకం వేస్తే, వినేది కూడా విద్యార్థులూ సిబ్బందీ తల్లిదండ్రులూ ఆ సంస్థతో సంబంధం ఉన్నవాళ్లే అయితే, 52వ సెక్షన్ దాన్ని ఉల్లంఘన కింద లెక్కపెట్టదు. బయట బృందాన్ని డబ్బిచ్చి తెచ్చి, గేటు తెరిచి, టికెట్లు పెట్టారా, ఆ రక్షణ మీకు ఉండదు.

అయిదింటికి అని వేస్తే అయిదింటికే మొదలుపెట్టండి, ముందు నలభైమందే కూర్చున్నా సరే. జనం నిండాక మొదలుపెడదాం అనేవాళ్లు శబ్ద కాలుష్య నిబంధనలు చదివి ఉండరు. 2000లో వచ్చిన ఆ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. అది మీ క్యాంపస్‌కి వస్తుందన్న ధైర్యం పెట్టుకోకండి. ఎనిమిదింటికి మొదలైన ప్రోగ్రాం పదింటికి ఆగిపోతే మిగిలిపోయేది ఎవరి ఐటమ్? జాబితా అడుగున ఉన్న ఫస్టియర్ పిల్లలది. నెలరోజులు మెస్ వెనక ఖాళీ స్థలంలో ప్రాక్టీస్ చేసినవాళ్లది.

ముఖ్య అతిథి వద్దు. దీనిమీద నేను రాజీ పడను. ఒక్కసారి తెర వెనక్కి వెళ్లి నిలబడండి. కూచిపూడి ఆడే అమ్మాయిలు నాలుగింటికే మేకప్ వేసుకుని ఉంటారు. జడకి కుట్టిన పూలు, బిగించి కట్టిన వడ్డాణం, కాళ్లకి గజ్జెలు. కూర్చుంటే కుచ్చిళ్లు నలుగుతాయని గోడకి ఆనుకుని నిలబడతారు. అవతల జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, మొదటి శాలువా, రెండో శాలువా, అతిథిగారి పరిచయం, అతిథిగారి విద్యార్థి దశ జ్ఞాపకాలు, జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. ఏడున్నరకల్లా ఫౌండేషన్ చెమటకి చెంపల మీద చారలు కడుతుంది. నీళ్లు తాగితే లిప్‌స్టిక్ చెదురుతుందని ఒకమ్మాయి స్ట్రా కోసం వెతుకుతుంటుంది. అప్పుడు యాంకర్ పరుగెత్తుకొచ్చి, టైం లేదక్కా, పాట సగానికి కట్ చేద్దాం అంటాడు. ఆ సగం పాటకి ఆ పిల్లలు ఎన్ని సాయంత్రాలు పెట్టారో శాలువా కప్పించుకున్న పెద్దమనిషికి తెలియదు. వీసీ గారూ డీన్ గారూ తప్పకుండా రావాలి, ముందు వరసలో కూర్చోవాలి, చూడాలి. మైకు మాత్రం ఇవ్వకండి. దీపం వెలిగించాల్సిందే అంటారా, ఆ ఏడు రిటైరవుతున్న లైబ్రరీ అటెండర్ చేత వెలిగించండి.

స్టాల్స్ పెడుతున్నాం కదా, ఆ రెండు రాత్రులూ మెస్ మూసేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. స్కాలర్‌షిప్ ఇంకా పడని పిల్లాడు స్టాల్ దగ్గర నూట యాభై పెట్టి నూడుల్స్ కొనలేడు. ఆకలిగా ఉందని చెప్పనూ లేడు, గదికి వెళ్లి పడుకుంటాడు. ఆ రోజు మెస్‌లో ఫీస్ట్ పెట్టించండి, వంటవాళ్లు కూడా ఎనిమిదింటికల్లా చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేలా వేళలు మార్పించండి.

ఇక ఎన్నికల సంగతి. మేనిఫెస్టో మూడు లైన్లకి మించొద్దు. ఆ మూడూ వీసీ సంతకం లేకుండా మీరే చేయగలిగినవి కావాలి. కొత్త హాస్టల్, ఇరవైనాలుగు గంటల వైఫై, మెట్రో దాకా బస్సు అని రాసి గెలిచినవాళ్లు అక్టోబరుకల్లా మొహం చాటేస్తారు. రీడింగ్ రూంలో పనిచేయని ఫ్యాన్ల జాబితా ప్రతి సోమవారం ఇంజినీరింగ్ సెక్షన్‌కి ఇస్తాం, ఇచ్చిన కాగితం కాపీ బోర్డు మీద అంటిస్తాం అని రాయండి. ఓట్లు తగ్గొచ్చు. తగ్గినా ఆ మాట నిలబడుతుంది.

విద్యార్థి సంఘాల ఎన్నికలకి లింగ్డో కమిటీ చెప్పిన నియమాలని అడ్డంకిగా చూడకండి. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న ఆ సిఫారసుల ప్రకారం అభ్యర్థి ఖర్చు అయిదు వేలు దాటకూడదు, అచ్చేసిన పోస్టర్లు వాడకూడదు, చేత్తో రాసినవే ముందుగా చెప్పిన చోట్ల అంటించాలి, ఫలితాలొచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పజెప్పాలి. అయిదు వేలు ఈ రోజుల్లో ఏ మూలకి అనేవాళ్లున్నారు. ఆ మూలకే సరిపెట్టండి. చేత్తో రాసిన పోస్టర్ దగ్గర మనుషులు ఆగుతారు, రాసినవాడి అక్షరాలు గుర్తుపడతారు, అక్కడే నిలబడి వాదించుకుంటారు. ఫ్లెక్సీ ముందు అంతసేపు ఆగేదెవరు?

గెలిచాక చేయాల్సిన మొదటి పని చాలామందికి మింగుడుపడదు. ఫెస్ట్ డబ్బుల లెక్క మీమీద పోటీ చేసి ఓడినవాళ్లకి అప్పజెప్పండి. ప్రతి ఓచర్‌లో తప్పు వెతకాలన్న పట్టుదల ఉన్నవాళ్ల చేతిలో లెక్క పెడితే వచ్చే ఏడు మీమీద ఒక్క పుకారు పుట్టదు. టెంట్‌హౌస్ అతను వంద కుర్చీలు దింపి నూట యాభైకి బిల్లు రాస్తే పట్టుకునేది వాళ్లే, మీ స్నేహితులు కారు. పైగా మీకు ఓటెయ్యనివాళ్లు ఏమనుకుంటున్నారో వాళ్లకి తెలుసు. వారానికోసారి ఆ లెక్క మెస్ నోటీసు బోర్డు మీద చేత్తో రాసి పెట్టించండి. వాట్సాప్‌లో పెట్టామంటే కుదరదు. అక్కడది రాత్రికల్లా మీమ్‌ల కిందకి పోతుంది.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఈ గొడవే లేదు కదా అని ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో చదివేవాళ్లు అనొచ్చు. 1980ల చివర ఉమ్మడి రాష్ట్రంలో ఆపేసిన విద్యార్థి సంఘాల ఎన్నికలు అక్కడ మళ్లీ పాత పద్ధతిలో రాలేదు. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో మాత్రం యూనియన్‌కి ఎన్నికలు జరుగుతాయి, ఆ యూనియనే సుకూన్ ఫెస్ట్ చేస్తుంది. ఎన్నికల కోసం పోరాడండి, అది మీ హక్కు. అవి వచ్చేదాకా ఊరుకోకండి. మెస్ కమిటీ మీ చేతిలో ఉంది. నెలాఖరున కూరగాయల బిల్లూ గ్యాస్ బిల్లూ చూసి, తిన్న రోజుల లెక్కన ఎవరి వాటా ఎంతో తేల్చి, తప్పు పడితే నలుగురి ముందు దిద్దే కుర్రాడు చేస్తున్నది పరిపాలనే. ప్రెసిడెంట్ పదవి కన్నా అది పెద్ద పని అంటాను నేను. పోటీ పడాల్సింది దానికి.

లింగ్డో నియమాల్లో ఆఫీస్ బేరర్ పదవికి ఒక్కసారే పోటీ చేయాలన్నది అందరికీ చేదుగా ఉంటుంది. పని నేర్చుకునేసరికి దిగిపోవాలి మరి. అందుకే మీకు తెలిసింది ఒక నోటు పుస్తకంలో రాసి వదలండి. ఏ సౌండ్ వాళ్లు అడ్వాన్స్ తీసుకుని వేరే పెళ్లికి వెళ్లిపోయారు, జనరేటర్ ఎన్ని గంటలు నడిస్తే ఎన్ని లీటర్ల డీజిల్ తాగింది, గ్రౌండ్ అనుమతి ఫైలు ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు ఆగింది, వాన పడితే కేబుళ్లు ఎటునుంచి లాగాలి. ఓచర్ల ఫైలుతో పాటు ఆ పుస్తకాన్ని ఫలితాలొచ్చిన వారంలోపు కొత్తవాళ్ల చేతిలో పెట్టండి. గెలిచింది అవతలి ప్యానెల్ అయితే అదే రాత్రి ఇవ్వండి.