నిజాంగారి టిఫిన్ డబ్బా

హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీకి వెళ్లాలంటే ఛత్తా బజార్ మీదుగా వెళ్లడమే మేలు. సందు పొడుగునా శుభలేఖల దుకాణాలే. ‘మీ ఆశీస్సులే మాకు కానుకలు’ అని కార్డు అడుగున అచ్చు వేయించుకునేవాళ్లను లక్షమందిని చూశాం. అది నమ్మి వట్టి చేతులతో వెళ్లినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. ఆ సందు దాటగానే హవేలీలోని నిజాం మ్యూజియం. అందులో ఉన్నవి చాలావరకు కానుకలే కాబట్టి దారి సరిగ్గానే పడిందనుకోవాలి.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కారు. పాతికేళ్ల జూబిలీ పండుగ 1936లో జరగాల్సింది. ఆ ఏడు మొదట్లోనే లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి కన్నుమూయడంతో 1937 ఫిబ్రవరికి వాయిదా పడింది. (చుట్టరికం లేకపోయినా పై అధికారి పోతే మైల పట్టాల్సిందే. ఉద్యోగస్తులకు వేరే చెప్పక్కర్లేదు.) ఆ నెలలోనే టైమ్ పత్రిక అట్ట మీద ఆయన బొమ్మ వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది. అలాంటాయనకు ఏమిచ్చి మెప్పించాలి? అప్పటి పెద్దలు పడ్డ ఆ తిప్పలన్నీ ఇప్పుడు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. 2000 సంవత్సరం నుంచి టిక్కెట్టు కొని చూస్తున్నాం.

ఊళ్లో ఉన్న కట్టడాలనే వెండితో చేయించి ఇచ్చారు. ఊరు ఆయనదే, కట్టడాలూ ఆయనవే. మేనమామ తోటలో మామిడిపళ్లు కోసి, బుట్టలో సర్ది, మేనమామకే పట్టుకెళ్లడమంటే ఇదే. సన్మాన పత్రాలు పెట్టిచ్చిన వెండి పెట్టెలు, వెండి తీగతో అల్లిన ఏనుగు, దాని మీద మావటి. మా ఆవిడ బీరువాలన్నీ వరసగా పరికించి, “ఏవండీ, ఇది మన హాల్లో షోకేసే కదా!” అంది.

ఆలోచిస్తే నిజమే. మా షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగుంది, ప్లాస్టిక్ తాజ్‌మహల్ ఉంది. అటక మీది స్టీలు బిందెల మీద ‘ఫలానావారి గృహప్రవేశ శుభసందర్భమున’ అని చుక్కలతో కొట్టించిన అక్షరాలున్నాయి. ఇక్కడా రాతలున్నాయి, కాకపోతే ఉర్దూలో. తేడా అంతా లోహంలోనే.

అదే హవేలీలో ఆయన తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మనం పెళ్లిలో పెట్టే ఇనప బీరువా కాదు. భవనంలో ఒక పక్కభాగమంతా అదే. రెండంతస్తులు, పైకెక్కడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. కట్టిన బట్ట మళ్లీ కట్టేవారు కాదంటారు. కొడుకేమో 35 ఏళ్లు ఒకే టోపీతో లాగించారని చెప్పుకుంటారు. రెండు తరాలకూ కలిపి సగటు తీస్తే మన మధ్యతరగతి లెక్కకు సరిగ్గా దిగుతుంది. తండ్రి జోడు బొటనవేలి దగ్గర దొరికిన జాకబ్ వజ్రాన్ని కొడుకు కాగితాలు ఎగరకుండా వాడుకున్నారట. 184.75 క్యారెట్ల బరువు! మిగతా నగలతో పాటు దాన్ని 1995లో కేంద్ర ప్రభుత్వం కొన్నది, మొత్తం 218 కోట్లకు. అప్పట్నుంచి అది రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉంది. ఏ కాగితం మీదా లేదు.

ఇక అసలు సంగతి. మూడు అరల బంగారు టిఫిన్ డబ్బా, వజ్రాలు పొదిగింది. నిజాంగారు దాన్ని ఎన్నడూ వాడలేదంటారు. 2018 సెప్టెంబరులో ఒక రాత్రి ఇద్దరు మ్యూజియం వెంటిలేటర్లోంచి తాడు పట్టుకుని దిగి దాన్ని ఎత్తుకెళ్లారు. దాంతో పాటు కప్పు, సాసరు, చెంచా. ఇది దొంగతనంలా లేదు, పిల్లాడు హాస్టల్‌కు సామాను సర్దుకున్నట్టుంది. ముంబయి వెళ్లి పెద్ద హోటల్లో దిగారు. కొనేవాడు దొరకలేదు, పోలీసులు దొరికారు. వాళ్లలో ఒకడు రోజూ ఆ డబ్బాలోనే భోంచేశాడని పోలీసులే చెప్పారు.

దొంగతనం దొంగతనమే, వెనకేసుకు రావడం లేదు. కానీ జమీందార్లు, దొరలు, నవాబులు, మాలాంటి టిక్కెట్టుగాళ్లు ఇంతమంది చూసిన ఆ డబ్బా ఎనభై ఏళ్లు ఖాళీ కడుపుతో కూర్చుంది. అది అన్నం పెట్టుకునే గిన్నె అని గుర్తించినవాడు అతనొక్కడే.

బయటికొస్తుంటే ఓ కుటుంబం జూబిలీ సింహాసనం ముందు నిలబడి వరసగా ఫొటోలు దిగుతోంది. దాని వైపు ఒక్కరూ తిరగలేదు, అందరి వీపులూ సింహాసనానికే. నిజాంగారి కాలంలో అయితే ఎంత సాహసం!

ఇంటికొచ్చాక మా ఆవిడ స్టూలెక్కి అటక మీంచి గాజు డిన్నర్ సెట్ దించింది. మా పెళ్లికి మేనత్త ఇచ్చింది, అట్టపెట్టె టేపు కూడా ఊడలేదు. ఈ రాత్రికి అందులోనే భోజనం అనుకున్నాను. దుమ్ము తుడిచింది, కాసేపు తేరిపార చూసింది, “వచ్చే నెల మా చెల్లెలి ఆడపడుచు గృహప్రవేశం ఉందండీ” అంది.

మీ ఇంట్లో కూడా శుభకార్యం ఏదైనా ఉంటే ఓ మాట చెప్పండి. మా దగ్గర ఇంకా మూడు గోడ గడియారాలున్నాయి.