వేడెక్కేదాక: ఒక షెడ్డు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

బండి ఊకె పెడితే బ్యాటరీ దిగుతది, టైరు కూసుంటది, ఎలుక కాపురం పెడతది; వారానికోసారి వేడెక్కేదాక తిప్పాలె.

అవతారిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మెకానిక్ షెడ్లలో ముక్కలు ముక్కలుగా వినిపించే హితవును ఒక్క వాక్యంగా కూర్చగా ఏర్పడిన సూత్రమిది. శాస్త్రారంభంలో చెప్పవలసిన అనుబంధ చతుష్టయంలో విషయం అరుదుగా బయటికి తీసే రెండో కారు. ప్రయోజనం అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసివచ్చినప్పుడు తాళం తిప్పగానే అది స్టార్ట్ కావడం. ఈ రెంటికీ గల సంబంధం సాధ్యసాధన భావమని వేరే చెప్పనక్కరలేదు. అధికారి, అనగా ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు, ఎవరన్నది కొంత విచారించదగినది. కొడుకు డాలస్‌లో ఉండి, సంక్రాంతికి వచ్చినప్పుడు తిరగడానికని కొని వాకిట్లో వదిలిపోయిన కారుకు కాపలాగా మిగిలిన తండ్రి ముఖ్యాధికారి. కొత్త కారు కొన్నా పాతదాన్ని అమ్మడానికి మనసొప్పక రేకుల షెడ్డులో ఉంచుకొన్న గృహస్థు గౌణాధికారి. రోజూ నలభై కిలోమీటర్లు తిరిగేవాడికి ఈ శాస్త్రంతో పని లేదు.

ప్రతిపదార్థం

బండి = కారును; ఊకె పెడితే = పని చెప్పక ఊరక నిలిపి ఉంచినచో; బ్యాటరీ దిగుతది = విద్యుత్తు నిల్వ తరిగిపోవును; టైరు కూసుంటది = నేలకానిన చోట చక్రము అణగి చదునుపడును; ఎలుక కాపురం పెడతది = మూషికము బానెట్టు కింద గూడు కట్టుకొనును; వారానికోసారి = ఏడు దినములకొక పర్యాయము; వేడెక్కేదాక = ఇంజను తగినంత కాగువరకు; తిప్పాలె = నడుపవలెను.

టీక

‘దిగుతది’ అన్న క్రియకు కర్త బ్యాటరీయే గాని, దించేవాడెవడో మూలంలో లేదు. తాళం తీసి జేబులో వేసుకొన్నాక కూడా కారులో గడియారం, సెంట్రల్ లాకు, అలారం, ఇంజను కంప్యూటరు మేలుకొనే ఉండి కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంటాయి. ఆ తాగుడు 40 మిల్లీ యాంపియర్లనుకొంటే రోజుకు దాదాపు ఒక యాంపియర్ అవర్ ఖర్చవుతుంది గనుక, చిన్న కార్లలో ఉండే 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ ముప్ఫై అయిదు రోజుల్లో అడుగంటుతుంది. సెల్ఫు తిరగడానికి కావలసిన సత్తువ అంతకు ఎంతో ముందే పోతుంది కాబట్టి, మూడేళ్లు దాటిన బ్యాటరీకి పదిహేను ఇరవై రోజులే గడువని గ్రహించాలి. నిండుగా ఉండి విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 చూపితే సగమైంది. ఆ దశలో నెలల తరబడి వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జి చేసినా పూర్తిగా కరగదు. దీన్నే సల్ఫేషన్ అంటారు. మే నెలలో 44 డిగ్రీలు తాకే ఈ ప్రాంతపు ఎండ ఈ క్షయాన్ని త్వరపరుస్తుంది.

నెలకు మించి ఊరు విడిచే అధికారి పదో నంబరు స్పానరుతో నెగెటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టడం ఉత్తమ పక్షం. నెగెటివే ముందెందుకంటే, పాజిటివ్ విప్పుతుండగా స్పానరు బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. నెగెటివ్ ముందే ఊడి ఉంటే ఆ భయం లేదు. బిగించేటప్పుడు క్రమం తలకిందులు.

మెదక్ సీమలోని కొల్చారంతో పేరు ముడిపడిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు. ప్రకృతంలో ఆ పేరుకు తగినవి జంపర్ కేబుళ్లు. ఎర్ర తీగను ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కూ తరువాత బతికున్నదాని పాజిటివ్‌కూ తగిలించి, నల్ల తీగను బతికున్నదాని నెగెటివ్‌కు తగిలించిన పిదప, దాని రెండో కొసను చచ్చిన బ్యాటరీకి ఇవ్వక ఇంజను ఇనుముకు పట్టించాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు పోగై ఉండవచ్చు గనుక చివరి నిప్పురవ్వ దానికి దూరంగా రావడం క్షేమం.

‘టైరు కూసుంటది’ అన్నది స్పష్టమే. తిరగడానికి పుట్టిన వస్తువు కూర్చోవడం విరోధాభాసమని అలంకారికులు సంతోషించవచ్చు. గాలి నెలకు ఒకటి రెండు పాయింట్లు తానే తగ్గుతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో పుట్టినదని అర్థం. అరగని టైరు కూడా ముసలిదవుతుందనీ, గాడులు కొత్తగా కనిపించినా ఆరేళ్లు దాటితే నమ్మి వేగంగా పోరాదనీ ఈ ముద్ర వల్ల తెలియాలి. ఈ సందర్భంలోనే హ్యాండ్‌బ్రేకు మాట: వానల్లో నెలల తరబడి లాగి ఉంచితే బ్రేకు షూలు డ్రమ్ములకు తుప్పుతో అతుక్కుంటాయి గనుక, బండిని గేరులో ఉంచి చక్రానికి ముందొక ఇటుక, వెనకొక ఇటుక పెట్టడం శ్రేయస్కరం.

‘ఎలుక కాపురం’ అన్నచోట మిర్యాలగూడ వ్యాఖ్యాతలకు అగ్రపీఠం ఇవ్వాలి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు చేరే రైసు మిల్లుల ఊరది. వడ్లూ తవుడూ ఉన్నచోట ఎలుకలకు కరువేమిటి? కాపురం అన్న మాట కేవలం చమత్కారం కాదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీస్తే గుడ్డపీలికలు, కొబ్బరిపీచు, వేరుసెనగ తొక్కలు, నల్లబియ్యపు గింజల్లాంటి పెంటికలు కనిపించడం సంసార లక్షణమే. ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక ఎలుకకు కొరకడం నిత్యకృత్యం; వైర్లు దానికి దగ్గరగా దొరికిన వస్తువులు. పొగాకు కాడలూ కలరా ఉండలూ వాసన ఉన్నంతవరకే పనిచేస్తాయి. బానెట్టు ఎత్తి చూడకుండా, తెగిన వైరు మీద తాళం తిప్పడం సాహసం. చూసి తిప్పడం శాస్త్రం.

ఇక ‘వేడెక్కేదాక’. సూత్రానికి ప్రాణం ఈ పదంలో ఉండగా, చాలామంది దీన్ని వదిలేసి మిగిలినది పాటిస్తారు. అందువల్ల పూర్వపక్షం ఇలా లేస్తుంది: రోజూ పొద్దున వాకిట్లోనే అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే చాలదా? చాలదు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను చల్లగా ఉండగానే ఆపితే అందులో కొంత సైలెన్సరులోనూ కొంత ఆయిలులోనూ నిలిచి, ఒకచోట తుప్పూ మరొకచోట జిడ్డు నురుగూ అవుతుంది. ఐడిలింగులో ఆల్టర్నేటరు ఇచ్చేది స్వల్పం. టైర్లూ బ్రేకులూ క్లచ్చూ కదలవు. మూసిన షెడ్డులో స్టార్ట్ చేస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషి ప్రాణం మీదికే తెస్తుంది. కనుక ఈ నిత్యకర్మ చేయకపోవడం కంటే చేయడంలోనే దోషం ఎక్కువ.

‘దాక’ అన్నది అవధిని చెప్పే మాట. వైయాకరణులు అవధిని రెండు విధాలుగా విడదీశారు: హద్దును విడిచిపెట్టేది మర్యాద, హద్దును కూడా కలుపుకొనేది అభివిధి. ఇక్కడ ఏది? మర్యాద అంటే వేడి ముల్లు నడిమికి రాగానే ఇంటికి తిరగవచ్చు. కాని ఆ ముల్లు చూపేది కూలెంటు వేడి; ఆయిలు కాగడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది, ఆయిలు కాగితే గాని అందులోని తడి పోదు. కాబట్టి అభివిధియే గ్రాహ్యం. వేడెక్కిన పిదప మరో పదిహేను నిమిషాలైనా నడపాలన్నది సిద్ధాంతం. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 డీజిలు బండ్లకు ఇది మరీ ముఖ్యం. వాటి ఫిల్టరులో చేరిన మసి కాలిపోవడానికి హైవే పరుగు కావాలి.

ఈ సిద్ధాంతాన్ని దేశానికి అన్వయించి చూడాలి. సూర్యాపేట వాసి పిల్లలమర్రి ఎరకేశ్వరాలయానికి పోయివస్తే పుణ్యం దక్కుతుంది గాని ఊరిపక్కనే ఉన్నందున వేడి చాలదు. చివ్వెంల దాటి మునగాల దిక్కుకు 65వ నంబరు హైవే మీద సాగితే చాలుతుంది. హైదరాబాద్ దిక్కుకు మళ్లితే కొర్లపహాడ్ టోలు గేటు అడ్డు తగులుతుంది గనుక తూర్పే ప్రశస్తం. కోదాడ వాసికి మేళ్లచెరువు శివాలయం, మిర్యాలగూడ వాసికి కృష్ణా మూసీ కలిసే వాడపల్లి తగిన దూరాలు. కార్తీక సోమవారాలు బండి ఆరోగ్యానికి ఇంత మేలు చేస్తాయని పురాణాల్లో చెప్పకపోవడం లోపమే.

కాగితాల సంగతి మూలంలో లేకున్నా ‘తిప్పాలె’ అన్న విధిలోనే అది ఇమిడి ఉంది. తిరగని బండికి ఇన్సూరెన్సు దండగన్న వాదం, తిప్పవలసింది జనం నడిచే రోడ్డు మీదనే గనుక నిలవదు; 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. సమగ్ర పాలసీ గడువు తీరాక తొంభై రోజులు దాటితే నో క్లెయిమ్ బోనసు కూడా పోతుంది.

తాత్పర్యం

కారును ఊరక ఉంచినచో విద్యుత్తు, గాలి, వైర్లు మూడు విధాల నశించును గనుక, వారమున కొకసారి ఆయిలు కాగునంత దూరము నడుపవలెనని భావము.

పాఠాంతరాలు

‘దిగుతది’కి కోదాడలో ‘దిగుద్ది’ అని పాఠం. సరిహద్దు అవతలి జగ్గయ్యపేట పలుకు అటు సోకింది గాని అర్థభేదం లేదు. ‘తిప్పాలె’ తరువాత ‘తీరకుంటే తాళం మాకిచ్చి పోండ్రి, మేం తిప్పుతం’ అన్న అధిక పాఠం కొన్ని షెడ్లలో వినవస్తుంది. సూత్రానికి ఉండవలసిన క్లుప్తత దీనికి లేనందున ప్రక్షిప్తమని తోస్తుంది. అయితే ముసలి తల్లిదండ్రుల ఇళ్లలో ఆచరణలో ఉన్నది ఈ పాఠమే కావడంతో పూర్తిగా కొట్టివేయడానికి వీల్లేదు. దీన్ని అనుసరించేవారు తాళం ఇచ్చే ముందు ఓడోమీటరు అంకెను క్యాలెండరు మీద రాసి పెట్టుకొంటారు.