నేను చూచిన పసుపు

నా జన్మభూమి జపాను. నా నుదుట చెక్కియున్న పేరు యాషికామ్యాట్ 124 జి. 1970వ సంవత్సరమున లోకమునకు వచ్చిన మా కెమెరా తెగ ఈ దేశమున స్టూడియోలలోను పెండ్లిపందిళ్లలోను బహుకాలము ఊడిగము చేసినది కనుక, నడివయస్సు దాటిన తెలుగువారిలో అనేకుల కళ్యాణముహూర్తములు మాలో ఎవరో యొకరి గర్భమున మొదట చీకటిలో నిలిచి, పిదప వెలుగు చూచినవే. నాకు కన్నులు రెండు, ఒకదానిపై నొకటి. మీది కన్ను చూచుటకు, క్రింది కన్ను వ్రాయుటకు. మీది కన్ను పట్టిన దృశ్యము నా నడినెత్తినున్న గరుకు గాజుపలకపై కుడియెడమలు తారుమారై వెలుగును. నన్ను చేబట్టినవాడు ఎంతటివాడైనను దానిని చూచుటకు తల వంచవలసినదే. ఆ వంగుట నాకు మిక్కిలి ప్రియము. ఈ రెండు కన్నులకును నడుమ ఒక వన్నెను గూర్చి చిరకాలము తగవు నడచినది. ఆ వన్నె పసుపు.

నేను హిందూపురము చేరిన దినములలో రంగు ఫిల్ము సామాన్యుల చేతి కందునది కాదు. ఉదకమండలమున హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు తయారుచేయుచుండిన ‘ఇందు’ నలుపు తెలుపు చుట్టయే నాకు నిత్యాహారము. ఆరుబయట పని పడినప్పుడెల్ల నా యజమాని నా క్రింది కంటికి పసుపుగాజు బిళ్ల నొకదానిని తగిలించెడివాడు. అది ఆకాశమునందలి నీలిమను కొంత అడ్డగించి మబ్బులను విడదీసి చూపును. ఆ గాజునకు మరియొక గుణము కలదు: తన వన్నెగల వస్తువును తెలుపునకు చేరువ చేయును. కనుకనే నలుగు పెట్టిన పెండ్లికూతురి చెక్కిళ్లును, పసుపు పూసిన గడపయు, వధువు మెడలోని పసుపుత్రాడును ఫోటోలో తెల్లబారి వచ్చెడివి. మీది కన్ను అచ్చమైన పసుపును చూచి మురియుచుండగా, క్రింది కన్ను ఆ వన్నెనే ధరించియుండియు దానిని వ్రాయనేరక బూడిదవన్నెలో సరిపెట్టుచుండెను. పసుపు నాకు పనిముట్టయ్యెను గాని ఫలము కాలేదు.

పిదప రంగుచుట్ట వచ్చినది. దాని నిర్మాణము నెరిగిన నాటినుండి ఈ వన్నెయెడ నాకు ప్రేమతోడ గౌరవమును కుదిరినది. రంగు ఫిల్మున కాంతిని గ్రహించు పొరలలో మీదిది నీలికాంతికి చలించునది. దాని అడుగున అతిసూక్ష్మములగు వెండిరేణువులతో కూర్చిన పసుపుపొర యొకటి యుండి, నీలికాంతి క్రింది పొరలకు దిగకుండ కావలి కాయును. ఆ కావలి లేనిచో ఎరుపును ఆకుపచ్చయు తమ తమ హద్దులు తప్పి కలగాపులగమగును. బెంగుళూరు లాబులో రసాయనముల స్నానము ముగియునప్పటికి ఆ పొర ఆనవాలైనను మిగులక కరగిపోవును. మనము ఫోటోలో చూచు పసుపు వేరు, అది క్రొత్తగా పుట్టిన అద్దకము. అందరి వన్నెలను కాపాడి తాను తొలగిపోవు ఆ మొదటి పసుపును ఏ కంటితోను చూడజాలము.

ఆ మీద డిజిటల్ యంత్రములు ప్రబలినవి. నేను అద్దాల బీరువాలో చేరితిని. నన్ను మరల వెలుపలికి దీసినది యజమాని మనుమరాలు. కొడాక్ వారు తమ ‘గోల్డ్’ రంగు ఫిల్మును 2022లో నాకు సరిపడు 120 కొలత చుట్టలోను తెచ్చిన సంగతి విని, ఒక చుట్ట తెప్పించుకొని, తాతయొద్దకు వచ్చినది. చుట్టకు పండ్రెండే పటములు. ఆ పండ్రెండింటిలోను ఒకే వన్నెను నింపవలెనని, అదియు పసుపే కావలెనని ఆమె సంకల్పము.

“తీసుకో పాపా, మీటరు ముల్లును మాత్రం నమ్మొద్దు,” అని తాత చెప్పెను.

ఆ మాట సత్యము. వెలుతురును కొలుచు నా మీటరు ప్రతి దృశ్యమును నడిమిబూడిద యని తలచి లెక్కకట్టును; వెలుగును విశేషముగా తిప్పికొట్టు పసుపు ఎదురైనచో వెలుతురు ఎక్కువైనదని భ్రమించి తక్కువ కాంతినే కోరును. ముల్లు చెప్పినట్లు చేసినచో పసుపు బురదవన్నెకు దిగును. ఒక మెట్టు ఎక్కువ తెరచిననే గాని అది తన స్వరూపము చూపదు.

ఆమె నన్ను త్రిప్పిన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును బెంగుళూరినుండి గుంతకల్లు పోవు రైలుమార్గముననే యున్నవి. మూడు స్టేషనుల పేరుపలకలును పసుపు నేలపై నల్లని అక్షరములే. ఆమె వానిని దాటిపోయినది. అందరికంటను పడవలెననియే పూసిన పసుపును వెదకవలసిన పని యేమున్నది?

పట్టుగూళ్ల మార్కెట్టులో మాత్రము ఆమె చాలసేపు నిలిచినది. హిందూపురపు మార్కెట్టు చింతపండునకును, బెల్లమునకును, మిరపకాయలకును పేరుపొందినదే యైనను, గూళ్ల వేలము జరుగు చోట వెలుగు వేరు. ఒక వరుసను బైవోల్టీన్ జాతి తెల్లగూళ్లు, మరియొక వరుసను సి.బి. యను సంకరజాతి పసుపుగూళ్లు. రీలింగువారు గుప్పెడు తీసి చెవియొద్ద ఆడించి, వ్రేళ్లతో నొక్కి చూచుచుందురు. ఆ గూటి పసుపు పురుగు తిన్న మల్బరీ ఆకునుండి వచ్చినది. అది పట్టుపోగునందు కాక పోగును చుట్టియున్న జిగురునందు నిలుచును. పైకప్పు రేకుల సందున దిగిన ప్రొద్దుటి యెండ రాశిపై పడి, నా గాజుపలకపై లేతబంగారము ముద్దగట్టినది. గూడును తెచ్చిన రైతు చేయి పటములో ఉండవలెనని ఆమె కోరినది. ఆయన సిగ్గుపడుచునే చేయి చాపెను. ఆ పటమే చుట్టలో ఉత్తమమని నా అభిప్రాయము.

పెనుకొండను గూర్చి చెప్పదగినది కొండంత యున్నను నాకు దొరికిన పసుపు కొంచెమే. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు విజయనగర రాజధానిని ఇచ్చటికి తెచ్చెను. గగనమహలును చూచుటకు వచ్చువారు నేటికిని కలరు. ఆమె కోటగుమ్మమును విడిచి, కొండవాలున బండల నడుమ పూచిన తంగేడు ముందు వంగినది. దీని బెరడుతో తోళ్లు పదును చేసెడివారు. వానలు ముఖము చాటుచేసిన ఏటను కూడ ఇది పూచును. శ్రావణ శుక్రవారమగుటచే క్రింది వీధిలో ప్రతి గడపయు పసుపుతో మెరయుచుండెను. మధ్యాహ్నమునకు ఆ గడపలపై అడుగుల జాడలు పడి పసుపు పలుచబడినది. ఆమె అట్టి గడపనే ఎంచుకొన్నది. త్రొక్కబడిన పసుపు ఆ ఇంట మనుష్యులు మసలుచున్నారని చెప్పును. మెరుగు చెదరని గడప ఆ మాట చెప్పనేరదు.

మరునాడు సూర్యోదయవేళ ధర్మవరము త్రోవలో వేరుసెనగ చేను. ఈ ఎర్రనేల ప్రజలను దశాబ్దములుగా పోషించినది ఈ పంటయే. దాని పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదురునప్పటికి వాడిపోవును. ఆ పిదప దాని మొదటినుండి ఊడ యొకటి పుట్టి నేలలోనికి దిగి, చీకటిలో కాయ కాయును. పువ్వు చిటికెనవ్రేలి గోరంత. ఒక మీటరు దూరమునకు లోపలి వస్తువును స్ఫుటముగా చూచు శక్తి నాకు స్వతస్సిద్ధముగా లేదు గనుక ఆమె నా రెండు కన్నులకును దగ్గరిచూపు అద్దములు తొడిగినది. అంత చేరువన మీది కన్ను చూచినది వేరు, క్రింది కంటికి చిక్కునది వేరు. కావున పటము కూర్చుకొన్న పిదప నన్ను కన్నులనడిమి యెడమంత పైకెత్తి, గాలి ఆగుదాక ఊపిరి బిగబట్టి నొక్కినది. ఎన్నో ఏండ్ల తగవు తీరి, రెండు కన్నులును ఒకే పసుపును చూచిన క్షణమది.

అచ్చులు వచ్చిన తరువాత ఆమె ధర్మవరమున ఒక అద్దకపువాని వాకిట నిలిచినది. చెల్లెలి పట్టుపావడాకు ఆ పువ్వు చాయ కావలెనట. అచ్చట సబ్బును సోడాయు కలిపిన మరుగునీటిలో రేషము ఉడుకుచుండెను. ఈ ఉడుకుటలో జిగురు వదలి తూకము ఇంచుమించు నాలుగవ వంతు తగ్గును. జిగురుతోబాటు గూటి పసుపును పోవును. తెల్లబడిన పోగునకే రంగు పట్టును. అనగా పసుపు పోవునంతవరకు పసుపు అద్దుటకు వీలులేదు! ఆమె నన్ను మెడను ధరించియుండుటచే ఇదంతయు మీది కంటితో తిలకించితిని.

అద్దకపువాడు పటమును వెలుతురున పట్టి చూచెను. “పువ్వే తేగూడదా పాపా?”

“ఇక్కడికి తెచ్చేలోగా వాడిపోతాదన్నా.”

అతడు రంగుపొడి కలిపి, ఒక కట్టను ముంచి తిప్పి పిండి, పటము ప్రక్కన పట్టెను. “తడిమీద ఇట్లే ఉంటాది. ఆరితే ఒక చాయ తగ్గుతాది. ఇంగో చిటికెడు ఎయ్యల్ల,” అని మరల ముంచెను. రెండవసారి పైకి తీసిన కట్టను కట్టెకు వ్రేలాడదీసి, పటమును తిరిగి ఇచ్చుటకు చేయి చాపి, అంతలో మనసు మార్చుకొని, “ఇది నాకాడ పెట్టిపో. ఇంగెవరన్నా అడిగితే చూపిస్తా,” అనుచు గోడకున్న చాయల అట్టల నడుమ దోపుకొనెను.