ట్యూబులైటు కింద వెన్నెముక

నడుము ఆపరేషనయ్యాక తీయించిన ఎమ్మారై ఫిల్మును మన ఇళ్లలో ముందుగా చూసేది డాక్టరు కాదు, బావమరిది. కవరు విప్పి, ఫిల్మును ట్యూబులైటుకేసి ఎత్తిపట్టి, "ఇదిగో బావగారూ, ఈ నల్లగా ఉన్నదే అసలు ముద్దాయి" అని తీర్పు చెప్పేస్తాడు.

ఆ నల్లటిది నీరింకిన డిస్కు. అదే నేరమైతే జైళ్లు చాలవు. నడుం నొప్పి లేని 3,110 మంది మీద జరిగిన అధ్యయనాలను 2015లో కలిపి లెక్కగట్టారు. 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. 80 ఏళ్ల వాళ్లలో 96 శాతానికి.

బావగారు రిటైరైన లెక్కల మాస్టారు. రిపోర్టును జవాబు పత్రంలా ముందేసుకుని ఎర్ర పెన్నుతో గీతలు కొట్టారు. వెనకవైపు ఎముక కొంత లేదని రాశారు, అదెక్కడ పోయిందని ఆయన ప్రశ్న. ఎక్కడికీ పోలేదు, నరం మీద ఒత్తిడి తగ్గించడానికి డబ్బు కట్టి మరీ తీయించుకున్నదే.

చేతికి పొడిచిన గడోలినియం ఇంజక్షను బిల్లు పెంచడానికేనని బావమరిది అనుమానం. కోసిన చోట మచ్చ కట్టడం సహజం. ఆ మచ్చా, మళ్లీ జారిన డిస్కు ముక్కా మామూలు స్కానులో కవల పిల్లల్లా ఉంటాయి. మచ్చకు రక్తనాళాలుంటాయి కనుక మందు ఎక్కి వెలుగుతుంది. డిస్కు ముక్క మధ్యభాగం మొదటి చిత్రాల్లో నల్లగానే ఉండిపోతుంది. రెండో ఆపరేషను కావాలా వద్దా అన్న చర్చకు ఈ తేడా ముఖ్యం.

అమెరికాలో నడుం నొప్పి ఉన్న 63 ఏళ్ల ఆవిణ్ణి మూడు వారాల్లో పది స్కానింగ్ సెంటర్లకు పంపారు. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు తేలాయి. పదింటిలోనూ ఉన్న లోపం ఒక్కటంటే ఒక్కటీ లేదు! 2017లో అచ్చయిన ఈ ముచ్చట మాస్టారి చెవిన పడకపోవడమే మేలు, పదకొండో సెంటరుకు బయల్దేరేవారు.

2013 నాటి డచ్ అధ్యయనం ఇంకా విచిత్రం. సయాటికాకు వైద్యం పొందినవాళ్లకు ఏడాది తర్వాత స్కాన్ తీస్తే, కోలుకున్నవాళ్లలో 35 శాతానికి, కోలుకోనివాళ్లలో 33 శాతానికి డిస్కు జారినట్టే కనిపించింది. అంటే ఆ బొమ్మ చూసి మనిషి సంగతి చెప్పడం బొమ్మా బొరుసూ వేయడమే.

అయితే కాలు పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకున్నా, జ్వరంతో కుట్ల దగ్గర చీము కారినా ట్యూబులైటు దగ్గర నిలబడకూడదు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మాస్టారికి అవేవీ లేవు. డాక్టరు గారు ఫిల్ము పక్కన పెట్టి, మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయమన్నారు. ఇన్ని వేలు పోసి తీయించిన స్కాను ఉండగా ఈ డ్రిల్లు మాస్టారేమిటని ఆయన నొచ్చుకున్నారు.

"ఆపరేషనుకు ముందు తీసిన ఫిల్ము ఏదండీ? దాంతో పోల్చి చూడాలి."

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ బావమరిది వైపు చూసింది.

"మొన్న సూర్యగ్రహణానికి మనవడు ముక్కలు కోసి వీధి పిల్లలందరికీ పంచాడండీ."

"దానితో సూర్యుణ్ణి చూశారా? అయితే ముందు ఆ పిల్లల్ని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి."